కినోవియా రివ్యూ: కాలేజీ కబడ్డీ జట్టు అసిస్టెంట్ కోచ్‌కి ఎంతవరకు పనికొస్తుంది?

కినోవియా పైసా కట్టనక్కర్లేని సాఫ్ట్‌వేర్. విండోస్ కంప్యూటర్‌లో మాత్రమే నడుస్తుంది. ఆట వీడియోను ఒక్కో ఫ్రేమ్‌గా ఆపి చూసుకోవచ్చు, బొమ్మ మీద గీతలు గీయవచ్చు, కోణాలు, దూరాలు కొలవచ్చు, రెండు వీడియోలను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీ జట్లకు పీడీ సార్ (ఫిజికల్ డైరెక్టర్) చేతికింద పనిచేస్తున్న బీపీఈడీ, ఎంపీఈడీ (వ్యాయామ విద్య) కుర్రాళ్ల కోసం ఈ రివ్యూ. జట్టుగా కబడ్డీని తీసుకున్నాను, ఎందుకో కింద చెప్తాను.

తీర్పు ముందే చెప్పేస్తాను. ఆటలో ఒక్క క్షణాన్ని విప్పి ఆటగాడికి చూపించాలంటే కినోవియా చాలా మంచిది, ఐదుకు నాలుగున్నర ఇస్తాను. మ్యాచ్ మొత్తాన్ని లెక్కగట్టి, ఎదుటి జట్టు అలవాట్లు బయటికి తీయాలంటే మాత్రం ఐదుకు ఒకటిన్నర. అసిస్టెంట్ కోచ్‌కి పేరు తెచ్చేది ఈ రెండో పనే. అందుకే కినోవియాకి తోడుగా వీడియో కోసే లాస్‌లెస్‌కట్, పట్టికలు వేసే లిబ్రేఆఫీస్ కాల్క్ పెట్టుకోవాలి. అవి కూడా ఉచితమే. మూడూ కలిస్తేనే పని పూర్తవుతుంది.

రెండో పనికి అంత విలువ ఎందుకో తెలియాలంటే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ వైపు చూడాలి. అది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతి, ఒక్కో జట్టుకు 11 మంది, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. అక్కడ కోచ్ కావాలనుకున్నవాడు చాలాసార్లు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరతాడు. పీజీ చదువుకుంటూ జట్టుకు పనిచేస్తాడు. రాత్రిళ్లు కూర్చుని ఎదుటి జట్టు పాత మ్యాచ్‌ల వీడియోలను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ వివరాలు ఎక్కించడం అతని పని. ఎన్నో ప్రయత్నం, ఇంకా ఎన్ని గజాలు కావాలి, బంతి మైదానంలో ఏ వైపున ఉంది, ఆటగాళ్లు ఏ వరుసలో నిలబడ్డారు, పరుగా పాసా, ఎన్ని గజాలు వచ్చాయి. ఒక్కో జట్టు మ్యాచ్‌లో 60 నుంచి 80 దాకా ఇలాంటి ఆటలు ఆడుతుంది. నాలుగు మ్యాచ్‌లు చూస్తే మూడు వందల వరుసల పట్టిక తయారవుతుంది. మూడో ప్రయత్నంలో ఏడు గజాలు కావాల్సి వచ్చినప్పుడు వాళ్లు ఏం చేస్తారనే ప్రశ్నకు జవాబు ఆ పట్టికలో దొరుకుతుంది. అక్కడి నుంచి అనలిస్టు, తర్వాత ఒక విభాగానికి కోచ్, తర్వాత అటాక్ అంతటికో డిఫెన్స్ అంతటికో కోఆర్డినేటర్, చివరికి హెడ్ కోచ్. ఏడు జాతీయ టైటిళ్లు గెలిచిన నిక్ సేబన్ కూడా 1970ల తొలినాళ్లలో కెంట్ స్టేట్ యూనివర్సిటీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగానే మొదలయ్యాడు.

అందరూ హెడ్ కోచ్ అయ్యేవాళ్లే కాదు. స్టీవ్ బెలిచిక్ 1956 నుంచి 1989 దాకా అమెరికా నేవల్ అకాడమీ జట్టులో అసిస్టెంట్‌గా, స్కౌట్‌గానే ఉన్నాడు. ఎదుటి జట్టును చూసి రాసుకొచ్చే పనిలో ఆయనకున్న పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. ఆయన దగ్గర ఆ విద్య నేర్చుకున్న కొడుకు బిల్ బెలిచిక్ 1975లో బాల్టిమోర్ కోల్ట్స్ అనే ప్రొఫెషనల్ జట్టులో వారానికి 25 డాలర్లకు ఫిల్మ్ విడదీసే పనిలో చేరాడు. తర్వాత హెడ్ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్‌లు (ప్రొఫెషనల్ లీగ్ ఫైనళ్లు) గెలిచి, 2024 డిసెంబరులో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ జట్టు బాధ్యత తీసుకున్నాడు. అక్కడ వీడియోకి ఎంత బరువిస్తారంటే, పై అంచె కాలేజీ జట్లు మ్యాచ్ జరుగుతుండగానే ట్యాబ్లెట్లలో వీడియో చూసుకోవడానికి 2024 నుంచి అనుమతి ఇచ్చారు, జట్టుకు 18 ట్యాబ్లెట్ల దాకా.

ఇక కబడ్డీ ఎందుకంటే, అమెరికన్ ఫుట్‌బాల్ లాగే కబడ్డీ కూడా ముక్కలు ముక్కలుగా జరిగే ఆట. ఒక్కో కూతకు, అంటే రైడర్ ఎదుటి కోర్టులోకి వెళ్లొచ్చే ఒక్కో దాడికి, 30 సెకన్ల గడువు, స్పష్టమైన మొదలు, స్పష్టమైన ముగింపు. 40 నిమిషాల మ్యాచ్‌లో అటూ ఇటూ కలిపి 80 దాకా కూతలు వస్తాయి. ఒక్కో కూత పట్టికలో ఒక్కో వరుస. అనంతపురంలోని ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో ఆడే ఫుట్‌బాల్, హాకీ లాంటివి ఆగకుండా సాగే ఆటలు, వాటిని ఇలా కోయలేం. అక్కడ పెనాల్టీ కార్నర్లు, ఫ్రీ కిక్‌లు వరకే ఈ పద్ధతి పనికొస్తుంది.

ఇప్పుడు అసలు తప్పులు జరిగే చోటికి వద్దాం. అది రికార్డింగ్. వీడియో సరిగా లేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు.

ఫోను ఒక్కటే ఉంటే మిడ్ లైన్‌కి (కోర్టును రెండు సగాలు చేసే గీతకు) సూటిగా, కోర్టు పక్కన పెట్టండి. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు. ఫోన్ మామూలు లెన్స్‌తో, అంటే 1ఎక్స్‌తో, ఆ 13 మీటర్లూ ఫ్రేమ్‌లో పట్టాలంటే దగ్గరి సైడ్ లైన్ నుంచి 11, 12 మీటర్లు వెనక్కి ఉండాలి. జాగా లేదని 0.5ఎక్స్ వైడ్ లెన్స్ పెడతారు, అది తప్పు. ఆ లెన్స్ అంచుల్లో గీతలను వంచేస్తుంది, తర్వాత కినోవియాలో తీసే కొలతలన్నీ తప్పుతాయి. ఎత్తు మూడు, నాలుగు మీటర్లు ఉండాలి. కాలేజీ మొదటి అంతస్తు వరండా గానీ గ్యాలరీ పైమెట్టు గానీ సరిపోతుంది. నేల మీద నిలబడి తీస్తే దగ్గరున్న డిఫెండర్ అవతలివాడిని కప్పేస్తాడు, అంపైర్ అడ్డమొస్తాడు, ఎవరి చెయ్యి తగిలిందో ఎన్నిసార్లు తిప్పినా తేలదు.

రెండో ఫోన్ ఉంటే ఎండ్ లైన్ వెనక తొమ్మిది పది మీటర్ల దూరంలో పెట్టండి. అమెరికాలో కోచ్‌ల కోసం తీసే వీడియో కూడా ఇలాగే రెండు వైపుల నుంచి ఉంటుంది, ఒకటి పక్క నుంచి, ఇంకొకటి గోల్ స్తంభాల వెనక నుంచి. చైన్‌గా చేతులు పట్టుకున్న ఇద్దరు డిఫెండర్ల మధ్య సందు ఎంత వచ్చిందో, కార్నర్ (అంచున నిలబడే డిఫెండర్) ఎంత లోపలికి జరిగాడో వెనక నుంచే తెలుస్తుంది. పక్క నుంచి తీసిన వీడియోలో అది కనపడదు.

కెమెరాతో మనిషిని వెంటాడొద్దు. ఫోను కదలకూడదు, జూమ్ మారకూడదు. కదిలితే కినోవియాలో నేల మీది దూరాలు తీసే గ్రిడ్ కొలత పోతుంది, రైడర్ మీద దృష్టి పెట్టిన కెమెరామన్ కవర్ డిఫెండర్‌ను (మధ్యలో నిలబడేవాడిని) ఫ్రేమ్‌లోంచి బయటికి నెట్టేస్తాడు. ఆషాఢం గాలికి మన వైపు ట్రైపాడ్ నిలవదు. మధ్య కొక్కేనికి ఇసుక నింపిన సంచి వేలాడదీయండి, అదీ చాలకపోతే వరండా కమ్మీకి తాడుతో బిగించండి. సాయంత్రం మ్యాచ్ అయితే కెమెరా పడమటి వైపు, పొద్దున అయితే తూర్పు వైపు ఉండాలి, ఎండ కెమెరా వీపుకు తగలాలి.

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటాక ఫోన్ వేడెక్కి రికార్డింగ్ మధ్యలో ఆగిపోతుంది. వెనక కవర్ తీసేయండి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, నీడకు అట్టముక్క కట్టండి. రికార్డింగ్ జరుగుతుండగా పవర్ బ్యాంకు తగిలిస్తే వేడి ఇంకా పెరుగుతుంది, ముందే పూర్తిగా చార్జ్ చేసుకుని రండి. ఫస్ట్ హాఫ్ అయ్యాక రికార్డింగ్ ఆపి, విరామంలో కొత్త ఫైలు మొదలుపెట్టండి. ఒక ఫైలు పాడైనా సగం మ్యాచ్ మిగులుతుంది.

సెట్టింగ్ 1080పీ, సెకనుకు 60 ఫ్రేములు. 30తో కూడా లెక్కల పని జరుగుతుంది గానీ కాలి కదలిక చూడాలంటే 60 కావాలి. 4కే అవసరం లేదు, పాత ల్యాప్‌టాప్ దాన్ని మోయలేదు. షట్టర్ వేగం మార్చుకోగల కెమెరా యాప్ ఉంటే పగలు 1/500 పెట్టండి, కాళ్లు మసకబారవు. ఫ్లడ్ లైట్ల కింద మాత్రం 1/100కే ఆగండి. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి. షట్టర్ వేగం పెంచితే వీడియోలో నల్ల చారలు పరిగెడతాయి. మెమరీ కార్డుకు రాసే ఫోన్లలో 4 జీబీ దాటగానే ఫైలు రెండు ముక్కలయ్యే అవకాశం ఉంది, ముక్కల మధ్య ఒకటి రెండు సెకన్లు పోయాయేమో చూసుకోండి.

వీడియో కంప్యూటర్‌లోకి ఎక్కించాక, కినోవియాలో తెరిచే ముందు ఇంకో మెట్టు ఉంది. చాలామంది దీన్ని వదిలేసి తర్వాత కొలతలు తప్పుతున్నాయని సాఫ్ట్‌వేర్‌ను తిడతారు. ఫోన్లు ఫ్రేముల వేగాన్ని ఒకేలా ఉంచవు. వెలుతురు తగ్గితే 60 కాస్తా 52కో 48కో పడుతుంది, మళ్లీ పెరుగుతుంది. కినోవియా మాత్రం వేగం మొదటి నుంచి చివరిదాకా ఒకటే అనుకుని సమయం లెక్కేస్తుంది. కాబట్టి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని, హెచ్.264 ఎంపీ4గా మార్చండి. ఫోన్ హెచ్‌ఈవీసీ అనే ఫార్మాట్‌లో తీసినా ఈ మెట్టుతో సరిపోతుంది, పాత కంప్యూటర్‌లో కూడా వీడియో తడబడకుండా నడుస్తుంది. స్లో మోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేములతో తీసిన వీడియో అయితే వీడియో టైమింగ్ సెట్టింగ్‌లోకి వెళ్లి అసలు ఎంత వేగంతో తీశారో చెప్పాలి. చెప్పకపోతే ఒక సెకను పరుగు ఎనిమిది సెకన్లుగా చూపిస్తుంది.

ఇన్‌స్టాల్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. జిప్ రూపంలో పోర్టబుల్ వెర్షన్ దొరుకుతుంది, ల్యాబ్ కంప్యూటర్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ లేకపోయినా పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది. 8 జీబీ ర్యామ్ ఉంటే చాలు.

కినోవియా గొప్పతనం ఎక్కడుందో ఒక్క బోనస్ పాయింటుతో చూపిస్తాను. ఎదుటి కోర్టులో ఆరుగురు గానీ ఏడుగురు గానీ డిఫెండర్లు ఉన్నప్పుడు, రైడర్ ఒక కాలు బోనస్ లైన్ దాటి పెట్టి, ఆ క్షణంలో వెనక కాలు గాల్లో ఉంచితే బోనస్ వస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది. పిల్లాడు వచ్చి, "నా కాలు గాల్లోనే ఉండింది సార్, అంపైర్ ఇయ్యలేదు" అంటాడు. ఆ ముక్కను కినోవియాలో తెరిచి, వర్కింగ్ జోన్‌ను (వీడియోలో పనిచేసే భాగాన్ని) ఆ రెండు సెకన్లకు కుదించండి. జోన్ చిన్నదైతే అది మెమరీలోకి ఎక్కుతుంది, ముందుకూ వెనక్కూ ఫ్రేములు తడబడకుండా కదులుతాయి. కుడి బొటనవేలు గీత దాటి నేలను తాకిన ఫ్రేమ్ దగ్గర కీ ఇమేజ్, అంటే గుర్తు, పెట్టండి. ఇప్పుడు ఎడమ మడమ చూడండి. 60 ఫ్రేముల వీడియోలో ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య దాదాపు 17 మిల్లీసెకన్లు. మూడు నాలుగు ఫ్రేముల ముందు ఎడమ మడమ లేచింది గానీ మునివేళ్లు ఇంకా మట్టికి ఆనుకునే ఉన్నాయి, కుడి కాలు పడిన రెండు ఫ్రేముల తర్వాత గానీ అవి లేవలేదు. మాగ్నిఫయర్‌తో ఆ మునివేళ్లను పెద్దవి చేసి, పక్కన బాణం గుర్తు పెట్టి చూపిస్తే పిల్లాడు ఇంకో మాట మాట్లాడడు. అంపైర్ మీద కోపం పోయి, వెనక కాలు ముందుగా లేపాలనే సంగతి బుర్రకెక్కుతుంది. దీన్ని నోటితో పదిసార్లు చెప్పినా ఎక్కదు.

రెండు వీడియోలను కలిపి నడిపే సింక్ కూడా మంచి సాధనం. ఒకే రైడర్ సరిగా చేసిన రన్నింగ్ హ్యాండ్ టచ్ (పరిగెడుతూ చేత్తో తాకడం) ఒకవైపు, దొరికిపోయింది ఇంకోవైపు తెరవండి. రెండింట్లోనూ ఆఖరి అడుగు నేలను తాకిన ఫ్రేమ్‌ను టైమ్ ఆరిజిన్‌గా, అంటే సమయం సున్నాగా, పెడితే, రెండూ ఒకే తాళంలో నడుస్తాయి. తేడా ఎక్కడ మొదలైందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ప్రాక్టీసులో వాడాల్సింది, కెమెరాను నేరుగా చూపే క్యాప్చర్ స్క్రీన్. యూఎస్‌బీ కెమెరా గానీ, ఐపీ కెమెరా యాప్ పెట్టిన ఫోన్ గానీ కలిపి, పది సెకన్ల ఆలస్యం పెట్టండి. పిల్లాడు డ్యాష్ కొట్టి (రైడర్‌ను కోర్టు బయటికి నెట్టి) నడుచుకుంటూ ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి తను చేసిందే తెర మీద నడుస్తుంటుంది. ఎవరూ బటన్ నొక్కక్కర్లేదు. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా దీన్ని పెట్టుకోవచ్చని నా నమ్మకం.

కొలతల దగ్గర జాగ్రత్త. కోణం కొలిచే సాధనం వాడటం తేలికే, కానీ కదలిక కెమెరాకు అడ్డంగా జరిగినప్పుడే ఆ అంకెను నమ్మాలి. రైడర్ కెమెరా వైపుకో దూరంగానో వెళ్తుంటే మోకాలి కోణం ఏదో చూపిస్తుంది, అది నిజం కాదు. నేల మీది దూరాలకు పర్‌స్పెక్టివ్ గ్రిడ్ ఉంది. దాని నాలుగు మూలలను కోర్టు గీతల మీదికి జరిపి, అసలు కొలత ఇవ్వాలి. మిడ్ లైన్ నుంచి బాల్క్ లైన్‌కి (రైడర్ దాటాల్సిన గీతకు) 3.75 మీటర్లు, అక్కడి నుంచి బోనస్ లైన్ ఒక మీటరు, ఇవి పురుషుల కోర్టువి. మహిళల కోర్టులో మిడ్ లైన్‌కీ బాల్క్ లైన్‌కీ మధ్య 3 మీటర్లే. వెడల్పు చెప్పేటప్పుడు లాబీలు (రెండు పక్కలా ఉండే పట్టీలు) కలిపారా లేదా చూసుకోండి, కలిపితే పురుషులకు 10 మీటర్లు, వదిలేస్తే 8. సున్నంతో గీసిన కోర్టుల్లో గీతలు తరచూ కొలతకు ఉండవు, ముందుగా టేపు పెట్టి చూసుకోవడం మంచిది. ఈ గ్రిడ్ పాదాలకే పనిచేస్తుంది. తల మీదో చేతి మీదో గుర్తు పెట్టి దూరం తీస్తే తప్పొస్తుంది, ఎందుకంటే అవి నేల మీద లేవు.

కదిలే మనిషిని తనంతట తనే వెంటాడే ట్రాకింగ్ కబడ్డీలో నిలవదు. ఒకే రంగు జెర్సీల్లో ఏడుగురు కలిసి కదులుతుంటే గుర్తు ఒకరి మీది నుంచి ఇంకొకరి మీదికి దూకుతుంది. తప్పిన ప్రతి ఫ్రేమ్ దగ్గరా చేత్తో సరిదిద్దాలి. ఒంటరిగా పరిగెత్తే స్ప్రింటర్‌కి, లాంగ్ జంప్‌కి అయితే బాగుంటుంది.

గీతలు, కామెంట్లు కినోవియా కేవీఏ అనే వేరే ఫైల్లో దాచుకుంటుంది. వీడియో పేరు మార్చినా వేరే ఫోల్డర్‌కి జరిపినా, ఆ గీతలు వాటంతట అవి తెరుచుకోవు. రెండు ఫైళ్లూ ఒకే పేరుతో ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. ఎవరికైనా పంపాలంటే కీ ఇమేజ్ దగ్గర ఆగుతూ నడిచేలా వీడియోగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు.

ఇక దీనికి అసలు లేనిది, ఘటనలను లెక్కపెట్టే పట్టిక. ఎనభై కూతలకు ఎనభై కీ ఇమేజ్‌లు పెట్టి కామెంట్లు రాసుకోవచ్చు గానీ, 'డూ ఆర్ డైలో కుడి వైపు వచ్చినవి మాత్రమే చూపించు' అంటే చూపించలేదు (పాయింటు రాని రెండు ఖాళీ కూతల తర్వాత వచ్చే, పాయింటు తేవాల్సిందే అన్న కూత డూ ఆర్ డై). అమెరికా కాలేజీలు వాడే హడల్ సరిగ్గా ఈ పనికే పుట్టింది. 2006లో నెబ్రాస్కా రాష్ట్రం లింకన్‌లో మొదలైంది, అక్కడి విశ్వవిద్యాలయ జట్టే తొలి ఖాతాదారు. స్పోర్ట్స్‌కోడ్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ కూడా ఇప్పుడు వాళ్లదే, మ్యాక్ కంప్యూటర్ కావాలి. రెండూ డబ్బు కట్టి వాడేవి, మన కాలేజీల స్పోర్ట్స్ ఫండ్‌తో జరిగే పని కాదు. ఆ లోటు ఇలా పూడ్చుకోవచ్చు.

హ్యాండ్‌బ్రేక్‌లో మార్చిన వీడియోను లాస్‌లెస్‌కట్‌లో తెరవండి. రైడర్ మిడ్ లైన్ దాటడానికి రెండు సెకన్ల ముందు I మీట, కూత ముగిశాక O మీట నొక్కండి. ప్లస్ గుర్తుతో కొత్త ముక్క. మ్యాచ్ అంతా ఇలా గుర్తులు పెట్టి, ఆ జాబితాను సీఎస్‌వీ ఫైలుగా (పట్టికగా తెరుచుకునే ఫైలు) బయటికి తీయండి. రెండు సెకన్ల ముందు అని ఊరికే చెప్పలేదు. ఈ సాఫ్ట్‌వేర్ వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కోస్తుంది, అందుకే నిమిషంలో పని ముగుస్తుంది. కాకపోతే కోత కీ ఫ్రేమ్ (వీడియో ఫైల్లో అక్కడక్కడ పూర్తి బొమ్మగా ఉండే ఫ్రేమ్) దగ్గరే పడుతుంది కాబట్టి మొదలు కొన్ని సెకన్లు అటూ ఇటూ జరగొచ్చు.

ఆ సీఎస్‌వీని కాల్క్‌లో తెరిస్తే మొదలు, ముగింపు, పేరు అనే మూడు నిలువు వరుసలుంటాయి. పక్కన ఇవి చేర్చండి: ఎవరి కూత, రైడర్ జెర్సీ నంబరు, కోర్టులో ఉన్న డిఫెండర్లు, అంతకుముందు వరుసగా ఎన్ని ఖాళీ కూతలు, దాడి చేసిన వైపు, రైడర్ వాడిన ఎత్తుగడ, మొదట చెయ్యి వేసిన డిఫెండర్ స్థానం, పట్టు రకం, రైడర్‌కి వచ్చిన పాయింట్లు, డిఫెన్స్‌కి వచ్చిన పాయింట్లు. పట్టు రకానికి యాంకిల్ హోల్డ్, థై హోల్డ్, బ్యాక్ హోల్డ్, డ్యాష్, బ్లాక్, చైన్ అని ఒక జాబితా చేసి కాల్క్‌లోని వ్యాలిడిటీలో పెట్టేయండి, అందులోంచి ఎంచుకోవడమే. చేత్తో టైపు చేస్తే ఒకచోట 'యాంకిల్', ఇంకోచోట 'యాంకిల్ హోల్డ్' అని పడుతుంది, అప్పుడు షరతుకు సరిపోయిన వరుసలను లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్స్ ఫార్ములా సగమే లెక్కపెడుతుంది.

అన్నింటికన్నా ఎక్కువగా తప్పేది ఎడమ, కుడి. తెర మీద ఎడమా, రైడర్ ఎడమా, డిఫెండర్ ఎడమా? మూడూ వేరు. హాఫ్ టైమ్‌లో కోర్టులు మారతాయి కాబట్టి తెరను నమ్ముకుంటే సెకండ్ హాఫ్ అంతా తిరగబడుతుంది. మిడ్ లైన్ వైపు తిరిగి నిలబడిన డిఫెండర్ ఎడమే ఎడమ. పట్టిక పైన ఈ మాట రాసి పెట్టుకోండి. ఇద్దరు కలిసి పనిచేస్తుంటే మొదటి పది కూతలు ఇద్దరూ విడివిడిగా ఎక్కించి పోల్చుకోండి, తేడాలు అక్కడే బయటపడతాయి.

కొత్తలో ఒక మ్యాచ్‌కి మూడు నాలుగు గంటలు పడుతుంది, చెయ్యి తిరిగాక రెండు గంటల్లోపే. ఖాళీ కూతలను వదిలేయాలనిపిస్తుంది, వదలొద్దు. మూడో కూతలో, అంటే డూ ఆర్ డైలో, రైడర్ ఎటు వెళ్తాడన్నది అంతకుముందు రెండు ఖాళీ కూతల్లో ఎటు వెళ్లి పరీక్షించారో చూస్తేనే అర్థమవుతుంది.

పట్టిక నిండాక ఆటోఫిల్టర్ పెట్టి అడగండి. ఉదాహరణకు ఎదుటి జట్టు ఏడో నంబరు రైడర్, డూ ఆర్ డై కూతలు. మిగిలిన వరుసల్లో మొదటి మూడు నిలువు వరుసలను కొత్త సీఎస్‌వీగా దాచి, లాస్‌లెస్‌కట్‌లోకి తెచ్చి, ముక్కలన్నీ కలిపి ఒకే వీడియోగా తీయండి. నాలుగైదు నిమిషాల్లో ఆ రైడర్ అలవాటంతా కళ్లముందుంటుంది. ఒక్క మ్యాచ్‌లో అలాంటి కూతలు నాలుగో ఐదో ఉంటాయి, నాలుగులో మూడు కుడి వైపు వెళ్లాడని అదే అలవాటని చెప్పేయొద్దు. కనీసం మూడు మ్యాచ్‌లు కలిపి చూడాలి. యూనివర్సిటీ ఇంటర్ కాలేజియేట్ టోర్నమెంట్లలో ముందు రౌండ్ల మ్యాచ్‌లు తీసుకుంటే ఆ మూడూ దొరుకుతాయి. తీయడానికి నిర్వాహకులను ముందే అడగండి, ఎదుటి జట్టు పీడీ సార్‌కి కూడా ఒక మాట చెప్పండి, వాళ్లకు కావాలంటే కాపీ ఇవ్వండి. అమెరికాలో జట్లు ఒకదానికొకటి వీడియోలు ఇచ్చిపుచ్చుకుంటాయి, ఇక్కడా అలవాటైతే అందరికీ మంచిదే.

పిల్లలకు చూపించేటప్పుడు పది నిమిషాలు దాటొద్దు. దాటితే చూస్తారు గానీ వినరు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పోయి కాళ్లు మసకవుతాయి, డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా వెళ్తుంది. ఆటగాడి తప్పులున్న ముక్కలు గ్రూపులో పెట్టకండి, అతనికి మాత్రమే పంపండి. అమ్మాయిల జట్టు వీడియోలు వాళ్ల అనుమతి లేకుండా జట్టు బయటికి పోకూడదు, ఇందులో మినహాయింపు లేదు.

హెడ్ కోచ్‌కి, లేదా పీడీ సార్‌కి, ఇవ్వాల్సింది ఎనభై వరుసల పట్టిక కాదు. ఒక్క కాగితం. ఎదుటి జట్టు ముగ్గురు ముఖ్యమైన రైడర్లు ఎటు వెళ్తారు, ముగ్గురు లేదా అంతకు తక్కువ మంది డిఫెండర్లే మిగిలినప్పుడు సూపర్ ట్యాకిల్‌కి (అలాంటప్పుడు రైడర్‌ను పట్టడానికి) ఎవరు ముందు కదులుతారు, బోనస్‌కి ఎవరు పోతారు. ప్రతి మాటకీ పక్కన ఎన్నిటిలో ఎన్ని అనే అంకె ఉండాలి. నిర్ణయం ఆయనది. కాగితం మీద 'మన లెఫ్ట్ కార్నర్‌ను మార్చాలి' అని రాయొద్దు, 'లెఫ్ట్ కార్నర్ మీదికి 14 కూతలు, 9 పాయింట్లు ఇచ్చాం' అని రాయండి, ఆయనే మారుస్తారు.

పాటియాలా ఎన్‌ఐఎస్ డిప్లొమాకు గానీ, అకాడమీలో అసిస్టెంట్ కోచ్ పోస్టుకు గానీ వెళ్లేవాళ్లు ఈ కాగితాలను సీజన్ల వారీగా ఫైలు చేసి పెట్టుకోండి. ఒక మ్యాచ్‌కి ముందు రాసిన కాగితం, ఆ మ్యాచ్ తర్వాత అందులో ఏది నిజమైంది, ఏది కాలేదు అని పక్కన రాసిన గుర్తులు, ఐదు నిమిషాల కలిపిన వీడియో. ఇంటర్వ్యూకి పెన్‌డ్రైవ్‌తో పాటు ఫోన్‌లో కూడా ఆ వీడియో పెట్టుకోండి, అక్కడి కంప్యూటర్‌లో కినోవియా ఉండదు కాబట్టి గీతలతో సహా ఎక్స్‌పోర్ట్ చేసిన ఎంపీ4 ఫైలే తీసుకెళ్లండి, కేవీఏ కాదు.